ఆకుపచ్చ తెర వెనక మా మామ

మా మేనమామ పోయాడని ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నంద్యాల బస్టాండులో టీ తాగుతున్నాను. "నాయన పోయినాడు బావా" అంది మరదలు. అంతే, పెట్టేసింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ముందురోజే కదా ఫోన్లో నన్ను తిట్టాడు! తిట్టే ఓపిక ఉందంటే ఇంకా పదేళ్లు ఢోకా లేదనుకున్నాను.

మామ విగ్రహాలు చెక్కేవాడు. నోటికి అదుపు లేదు, చేతికి మాత్రం మహా అదుపు. చిన్నప్పుడు సెలవుల్లో నన్ను రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని, మూడో రోజు చేతిలో ఉలి లాక్కున్నాడు. "నువ్వు కుర్చీలో కూర్చునే పని చూసుకోరా అబ్బీ. రాయికి నీ మీద నమ్మకం ల్యా" అన్నాడు. మీరు నవ్వుతారేమో గానీ, ఆ మాట పట్టుకునే నేను చదువుకున్నాను. ఆ మేలూ మరిచిపోలేదు, ఆ తిట్టూ మరిచిపోలేదు.

విగ్రహం కొనేవాళ్లు వస్తే కళ్లద్దాలు తీసి జేబులో దాచేవాడు. చూపు తగ్గిందని తెలిస్తే పని మీద అనుమానం వస్తుందట. వాళ్లు వెళ్లాక ఆ అద్దాల కోసం ఇల్లంతా వెతికించేవాడు. "జేబు చూసుకో" అని అత్త వంటింట్లోంచే అరిచేది.

ఆయన పోయేనాటికి అవుకు దగ్గర ఒక ఊరి గుడికి చేస్తున్న నరసింహస్వామి విగ్రహం పూర్తికాలేదు. జూలు, కిరీటం, గోళ్లు మామ దగ్గర పని నేర్చుకున్న మరదలే చెక్కింది. నోరు మిగిలింది. తెరిచిన నోరు, లోపల పళ్లు, నాలుక. ఒక్క దెబ్బ ఎక్కువైతే పెదవి ఎగిరిపోతుంది, విగ్రహం మొత్తం పనికిరాకుండా పోతుంది. నోరు ఎప్పుడూ మామే చెక్కేవాడు. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టేసిన ఊరివాళ్లు వచ్చి, "పాపతో కాదంటే చెప్పండి, వేరేవాళ్లకిచ్చుకుంటాం" అన్నారు.

మరదలికి ఒక్క ఆశ. పోయినేడు మామ ఇంకో నరసింహుడి నోరు చెక్కుతుంటే నేను వీడియో తీశాను. "ఉలి ఎంత వాల్చి పట్టుకుంటాడో చూస్తే చాలు బావా" అంది. తీసిన ఫోన్ చెడిపోయింది, వీడియో నా లాప్‌టాప్‌లో మాత్రమే ఉంది. దినాలయ్యాక అది పట్టుకుని మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను.

వీడియో పెట్టాను. సుత్తి చప్పుడు వినపడుతోంది, తెర నిండా ఆకుపచ్చ రంగు తప్ప బొమ్మ లేదు. మూసి తెరిచాను. ఆపేసి మళ్లీ ఆన్ చేశాను. అదే ఆకుపచ్చ. ఇంకో ప్లేయర్ వేశాను. ఈసారి నలుపు! బొమ్మను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేద్దామంటే నెట్ సగంలో ఆగింది. మిద్దె ఎక్కి సిగ్నల్ పట్టుకుని వేశాను. మళ్లీ ఆకుపచ్చే. ఒళ్లు మండి మూత ఠపీమని వేశాను.

"దాన్ని కొడితే పలుకుతాదా ఏందీ? నిదానంగా చూడు" అంది అత్త.

ఆఫీసులో అందరి కంప్యూటర్లూ నేనే బాగుచేస్తానని గొప్పలు పోయే మనిషిని! ఆ ఇంట్లో ఒక్క వీడియో చూపించలేకపోతున్నాను.

చివరికి సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అన్నచోట టిక్కు తీసేశాను. వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఏర్పాటు అది. నా పాత చిప్‌కు ఆ పని చేతకావడం లేదన్నమాట. బొమ్మ వచ్చింది! నేను అరిచిన అరుపుకు మరదలు ఉలి చేతపట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

తెర నిండా మామ మొహం. మీసం మీద రాతిపొడి. చప్పుడు వస్తోంది, చేతులు కనపడవు. ముందుకు జరిపాను. మొహమే. ఇంకా జరిపాను. మొహమే. మనిషి మొహం పడితే చాలనుకుని ఇరవై నిమిషాలూ అదే తీసిన మొద్దుని నేను. పొద్దుటి నుంచి లాప్‌టాప్‌ను తిట్టిన తిట్లన్నీ నాకే చెందాలి. మరదలు కూడా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఒకచోట మామ తలెత్తి కసిరాడు. "నా మొగంలో ఏముందిరా, పని చూడు!" కెమెరా కిందికి దిగింది. ఎడమచేతి వేళ్ల మధ్య ఉలి, రాతి పెదవి మీద దాదాపు పడుకోబెట్టినట్టుంది. మూడు దెబ్బలు. అంతలోనే మళ్లీ మొహం.

"వెనక్కి తిప్పు బావా" అని మరదలు ముందుకు వంగింది. తిప్పాను. మూడు దెబ్బలు. తన చేతిలో ఉలిని గాలిలోనే కాస్త వాల్చింది.

"ఇంగోసారి."

అత్త వచ్చి మా వెనక నిలబడింది. ఆమెకు ఉలితో పనిలేదు, ఆ కసురు కోసం చూస్తోంది.

"ఇంగోసారి" అంది మరదలు, ఉలిని ఇంకొంచెం వాలుస్తూ.