బస్సు ఎక్కే వంతు

నిన్న బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సిటీ బస్సు ఖాళీగా పోతుంటే చెయ్యెత్తి ఆపి ఎక్కేశాను. నిజానికి నాకు వెళ్ళాల్సిన చోటేమీ లేదు. డెబ్బైల్లో కాలవగట్టు ఊళ్ళలో పెరిగినవాళ్ళయితే నన్ను చూసి నవ్వరు.

మాది ఉయ్యూరు అవతల గుప్పెడు ఇళ్ళున్న ఊరు. ఎన్ని అర్జీలు పెట్టుకుంటేనో బస్సు వేశారు. జనం ఎక్కకపోతే తీసేస్తామని కూడా చెప్పారు. దాంతో ఊరంతా వంతులు వేసుకుంది. పనున్నా లేకపోయినా, వంతు వచ్చిన ఇంటివాళ్ళు ఉయ్యూరు వెళ్ళి అదే బస్సులో తిరిగి రావాలి.

మా ఇంటి తరఫున నాయనమ్మా, నేనూ వెళ్ళేవాళ్ళం. ఆవిడకి గంజిపెట్టిన మంగళగిరి చీర, ఒళ్ళో ఖాళీ గుడ్డసంచి. చక్కెర ఫ్యాక్టరీ పుల్లటి వాసన తగిలిందంటే ఉయ్యూరు వచ్చేసినట్టే. మీకూ గుర్తుందా ఆ వాసన?

"ఏం పనిమీదండీ మామ్మగారూ?" అనేవాడు కండక్టరు.

"బస్సెక్కే పనిమీదే నాయనా!"

తీరా ఆ బస్సు మీదే మంచాలూ, బిందెలూ ఎక్కించుకుని ఒక్కో ఇల్లూ బెజవాడ తరలిపోయింది. మా వంతు తొందర తొందరగా రాసాగింది. నాకేమో సంబరం. చివరికి రోజూ మేమే.

"నువ్వెళ్ళి ఆ ముందు కిటికీ దగ్గర కూర్చోవే. నేనిక్కడుంటా. బస్సు కాస్త నిండుగా కనపడుద్ది," అంది నాయనమ్మ ఒకరోజు. ఉయ్యూరు దాకా ఇద్దరం చెరో మూలా కూర్చున్నాం.

నిన్న ఆ ఖాళీ బస్సులో నా చేతిసంచి పక్కన పెట్టుకోలేదు. వెళ్ళి ముందు కిటికీ దగ్గర పెట్టి వచ్చాను.