వంకర కుట్టు

ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలన్న విషయంలో నేను మూడు రోజులు మా అమ్మను వేపుకు తిన్నాను. వేలూరులో తోలు వస్తువులు ఎగుమతి చేసే ఒక ఆఫీసు. కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టే పని. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లుగా గుడియాత్తంలో ఖాళీగా కూర్చున్న నాకు అది కలెక్టర్ ఉద్యోగమంత గొప్పగా కనిపించింది.

చీర కడతానంటే "పెండ్లిచూపులకి పోతా ఉండావా?" అంది అమ్మ. జీన్స్ అంటే పక్కింటి అత్త నవ్వుతుందంది. చివరికి గంధం రంగు చుడీదార్ దగ్గర ఇద్దరం రాజీకొచ్చాం. చున్నీని రెండు భుజాల మీదా పిన్నులతో బిగించాలని ఆమె, అట్లా పెడితే బడిపిల్లలా ఉంటానని నేను. ఆ ఒక్క పిన్ను కోసం ఒక పూట మాటలు మానేశాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, తల పొగరుకు తక్కువేమీ లేదు.

ఇక మిగిలింది కాళ్లు. నాకున్నవి రబ్బరు చెప్పులు. అమ్మ వాటిని కాలితో పక్కకు నెట్టింది.

"తోలు కంపెనీకి పోతా రబ్బరు ఏసుకోని పోతావా? వాళ్లు ముందు కాళ్లనే చూస్తారు పాపా."

పెట్టె అడుగు నుంచి ఒక షూ జత తీసి నా ముందు పెట్టింది. ఆడవాళ్ల షూ, గోధుమ రంగు, సన్నటి లేసులు. బయటి దేశాలకు పోయే రకం.

మా అమ్మ పేర్ణాంబట్టులో షూల పైభాగం కుట్టే యూనిట్లో పద్దెనిమిదేళ్లు మిషన్ తొక్కింది. అక్కడ తోలు మీద చిన్న మచ్చ కనిపించినా ఆ ముక్కను డ్యామేజి అంటారు. ఎవరూ బయట అమ్ముకోకుండా, లేసుల కింద ఉండే నాలుకను బ్లేడుతో అడ్డంగా కోసి చెత్త సంచిలో వేస్తారు. కోసిన ముక్కయినా సరే, ఇంటికి తీసుకుపోకూడదు. అమ్మ అట్లాంటి రెండింటిని మజ్జిగన్నం డబ్బా కింద పెట్టుకుని గేటు దాటించింది. కోతలను చేత్తో కుట్టి మూసింది. గుడియాత్తం బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన చేత కింద అడుగులు కుట్టించింది.

నేను నాలుకను తిప్పి తిప్పి చూశాను. కోత ఎక్కడుందో దొరకలేదు. వేలితో తడిమినా తెలియలేదు. అంత బాగుందని మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. "కొంచెం బిగువుగా ఉండాది" అన్నాను. వేలూరు కంపెనీ పేరు వేరు కాబట్టి యజమాని కూడా వేరనుకున్నాం. అమ్మ యూనిట్‌కు ఆర్డర్లు ఇచ్చేది ఆ ఆఫీసేనని లోపల మిషన్ తొక్కేవాళ్లకు ఎవరు చెబుతారు?

తీరా ఆఫీసు చేరితే గుమ్మం పక్కనే దేవుడి పటం, దాని కింద "చెప్పులు బయట వదలండి" అని తమిళంలో అట్ట. మూడు రోజుల యుద్ధం చేసి తొడుక్కున్న షూలను పది జతల చెప్పుల మధ్య విప్పేసి, వట్టి కాళ్లతో లోపలికి పోయాను. నవ్వొచ్చింది కూడా.

నా వంతు రాకముందే ఒక పెద్దాయన నా షూ ఒకటి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఇది ఎవరిదమ్మా అని తమిళంలో అడిగాడు. నాదన్నాను. గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. నాలుకను వెనక్కి మడిచి బొటనవేలి గోరుతో మెల్లగా గీశాడు.

"ఇది ఎగుమతి మాలు, ఇక్కడ కోత ఉండాలే. కుట్టు కనబడటమే లేదు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా, ఇట్లాంటి చెయ్యి చూడలేదు. ఎవరిది?"

ఇంటర్వ్యూ ఇదేననుకున్నాను. ఉద్యోగం వచ్చేసిందనుకున్నాను. "మా అమ్మది సార్" అన్నాను. ఆయన అడగకుండానే యూనిట్ పేరు చెప్పాను, ఎన్నో లైన్లో కుడుతుందో చెప్పాను, ఎన్నేళ్ల సర్వీసో చెప్పాను. ఆయన అన్నీ ఓపికగా విని, నవ్వుతూ షూ నా చేతికిచ్చి, ఫోన్ చేస్తామన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొదటి జీతంతో ఏమేం కొనాలో ఆలోచించుకున్నాను.

ఫోన్ రాలేదు. రెండో రోజు పొద్దున పనికి పోయిన అమ్మ పదింటికల్లా తిరిగొచ్చింది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. గేటు దగ్గరే ఆపి, ఇక పనికి రావద్దన్నారట. నీ కూతురు వేలూరు ఆఫీసుకు మన మాలు తొడుక్కుని వచ్చిందని సూపర్‌వైజర్ నలుగురి ముందూ చెప్పాడట. అమ్మ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. గడప మీద కూర్చుని ఒకటే అడిగింది.

"కోత మూసేసినా కదా పాపా. ఆ సారుకి ఎట్లా తెలిసినాది?"

నా నోటి దూల వల్ల అని చెప్పాల్సింది. గొప్ప కోసం నిన్ను అమ్మేశానని చెప్పాల్సింది.

"నీ కుట్టు చూసే. వంకరగా ఉండాదంట. చిన్న బిడ్డకి గూడా తెలుస్తాదంట. అంతమంది ముందు నా మానం తీసినావు" అన్నాను.

అమ్మ తన చేతులు చూసుకుంది. "అవునులే. కండ్లు మునుపటి మాదిరి లేవు" అంది.

నమ్మేసింది. నేను చెబితే నమ్మకపోవడమెట్లాగో ఆమెకు తెలియదు. ఆ తర్వాత పేర్ణాంబట్టులోనే ఇంకో యూనిట్ వాళ్లు మనుషులు కావాలని ఇంటికొచ్చి పిలిచారు. "వంకర కుట్టు దాన్ని పెట్టుకోని ఏం చేస్తారు నాయనా" అని పంపేసింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. నేను వేలూరులో ఒక ఫోన్ల దుకాణంలో పని చేస్తున్నాను. అక్కడ యూనిఫాం ఇస్తారు, ఏం వేసుకోవాలన్న బాధ లేదు.

పోయిన నెల నా జాకెట్ హుక్కు ఊడితే కుట్టమని ఇచ్చాను. "టైలర్ దగ్గర ఇయ్యి పాపా, నేను కుడితే పాడైపోతాది" అంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. జాకెట్ తీసుకుని టైలర్ దగ్గరికి పోయాను.

మా ఊరి బళ్లో చెప్పేది తమిళమే. తెలుగు అక్షరాలు మా తాత నాకు నేర్పాడు, అమ్మకు నేర్పలేదు. అందుకే ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఈ కాగితాలు బీడీ ఆకుల బుట్ట పక్కనే పడి ఉన్నా నాకు భయం లేదు.