శెనక్కాయ ఎవరిదో తేల్చుకోవడానికి పలమనేరు దాకా

నా క్లాసులో ఒక అమ్మాయి బడికి రావడం మానేసింది. అందుకే నేను మొదటిసారి పలమనేరు వెళ్ళాను. డెబ్బైల చివర్లో తిరుపతిలో ఒక బాలికల ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పేదాన్ని. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు. దసరా సెలవులకు ముందు ఎనిమిదో తరగతి వాళ్ళకు ఐరోపా వాళ్ళ సముద్రయానాల పాఠం చెబుతూ, మిరపకాయ, మేం తక్కాళి అనే టమాటా, ఉర్లగడ్డ అనే బంగాళాదుంప, శెనక్కాయ అనే వేరుశనగ, ఇవేవీ మొదట మన దేశంలో లేవనీ, అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చాయనీ చెప్పాను. పుస్తకంలో దీని గురించి ఉన్నది ఒక్క వాక్యమే. నేను దాన్ని అరగంట సాగదీశాను. ఇంటికెళ్ళి మీ వాళ్ళను కూడా అడగండి అని సెలవులకు పంపాను. సెలవులయ్యాక అందరూ వచ్చారు. హాస్టల్లో ఉండి చదువుకునే సుగుణ మాత్రం రాలేదు. పది రోజులు చూసి, వాళ్ళ ఊరి అమ్మాయినే అడిగాను. "వాళ్ళ నాయన పంపనన్నాడు టీచర్. శెనక్కాయ మనది కాదని అందరి ముందర చెప్పిందంట. ఇట్లాంటి అబద్దాలు నేర్చుకునేదానికా బడి అన్నాడంట" అంది.

ఆ పిల్ల చదువు ఆగిపోవడానికి నా పాఠమే కారణమైతే, వెళ్ళి మాట్లాడవలసింది కూడా నేనే అనిపించింది. నిజం చెప్పాలంటే భయంకన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉంది. నేను చెప్పిన పాఠం మీద ఒక రైతు అంత కోపం తెచ్చుకున్నాడంటే, దాన్ని నిజంగా విన్న మొదటి మనిషి ఆయనే కదా! శనివారం సెలవు పెట్టి, పాఠ్యపుస్తకం సంచిలో వేసుకుని, తెల్లవారి ఆరు గంటల చిత్తూరు బస్సెక్కాను. అప్పట్లో చిత్తూరుకు టికెట్టు ఐదు రూపాయల లోపే. చంద్రగిరి దాటేసరికి కోట మీద ఎండ పడుతోంది. కండక్టరు నా ఒళ్ళో ఉన్న పుస్తకం చూసి పక్క సీట్లో కూర్చున్నాడు.

"చరిత్ర టీచరా మేడమ్? నాకొక సందేహం శానా దినాలుగా ఉండాది. ఆ పిరమిడ్లు కట్టినోళ్ళకు కూలి ఇచ్చినారా, ఊరికే పని చేయించుకున్నారా?"

రొట్టె, బీరు లాంటివి కూలిగా ఇచ్చేవారని చదివినట్టు చెప్పాను. ఆయన తల ఊపి, "అట్లయితే మా మాదిరే. జీతం రాకముందే సగం తినేసేది" అని నవ్వి, పాకాల అడ్డరోడ్డు దగ్గర విజిలు ఊదడానికి లేచాడు. పరీక్ష పేపరులో అలాంటి ప్రశ్న ఇవ్వాలని నాకు ఎప్పుడూ తోచలేదు. చిత్తూరు చేరేదాకా ఆ మాటే నెమరేసుకుంటూ కూర్చున్నాను.

ఎనిమిదిన్నరకు చిత్తూరులో దిగి, బస్టాండు ఎదుట రెండు ఇడ్లీలు తిని, తొమ్మిది గంటల బెంగళూరు బస్సెక్కాను. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్ మొదలవుతుంది. బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే గాలి మారిపోయింది. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు అక్టోబరులో పగటిపూట కొంగు కప్పుకోవాల్సి రావడం వింతగా ఉంది. పదిన్నరకు పలమనేరులో దిగితే, సుగుణ వాళ్ళ ఊరు ఇంకా మూడు మైళ్ళు. పాల క్యాన్లు దించి ఖాళీగా వెనక్కి పోతున్న ఎద్దుల బండి ఒకటి దొరికింది. బండాయనకు సుగుణ వాళ్ళ నాయన మునెప్ప పేరు చెప్పగానే, "ఆ శెనక్కాయ తగవు గురించేనా?" అన్నాడు. ఊరంతా తెలిసిపోయిందన్నమాట. అప్పుడు మాత్రం కొంచెం భయమేసింది.

మునెప్ప చేనులోనే ఉన్నాడు. శెనక్కాయ పెరికే రోజులు. పది మంది కూలీలు వరసగా వంగి చెట్లు పెరికి మట్టి దులుపుతున్నారు. గట్టు మీద కూర్చుని కాయలు తెంపుతున్న సుగుణ నన్ను చూసి లేచి నిలబడింది కానీ దగ్గరికి రాలేదు. మునెప్ప నలభై ఐదేళ్ళ మనిషి, సన్నగా, నల్లగా ఉన్నాడు. తలగుడ్డ తీసి దండం పెట్టాడు. మర్యాదకు లోటు చేయలేదు, మాట మాత్రం సూటిగా అడిగేశాడు.

"టీచరమ్మా, ఇది మా తాత ఏసినాడు. ఆయన కాలం నుంచి ఈ చేనే, ఈ పంటే. మనది కాదని మీరెట్ల చెప్తారు? ఆ పుస్తకం రాసినాయన ఈ చేన్లోకొచ్చి సూసినాడా?"

నేను సంచిలోంచి పుస్తకం తీసి ఆ వాక్యం చదివాను. కూలీలు కూడా పని ఆపి విన్నారు. చదవడం అయ్యాక, ఆ ఒక్క వాక్యం ఆ చేనులో ఎంత పల్చగా ఉందో నాకే తెలిసింది. "అచ్చులో ఉంటే నిజమవుతాదా అమ్మా?" అన్నాడాయన. ఆయనకు అసలు నొప్పి ఎక్కడో కూలీలు చెబితే అర్థమైంది. రచ్చబండ దగ్గర నలుగురి ముందూ, "నాయనా, నీకు తెలీదు, మా టీచరు చెప్పింది" అందట సుగుణ. జనం నవ్వారట. అంతకుముందెప్పుడూ కూతురు ఆయనకు ఎదురు మాట్లాడలేదు.

మధ్యాహ్నమైంది. మునెప్ప తల్లి, అందరూ అవ్వా అని పిలిచే ఆవిడ, గంపలో భోజనం తెచ్చింది. రాగి సంకటి, శెనక్కాయతో నూరిన ఊరిబిండి పచ్చడి. మేం బ్రాహ్మణులమని సుగుణ ముందే చెప్పిందేమో, నన్ను చూసి ఆగి, "అయ్యోరింటి పాప మా ఇంటి కూడు తింటాదా?" అని కొడుకునే అడిగింది. మా నాన్నగారిది గుడి కైంకర్యం. బయట నీళ్ళు కూడా ముట్టని ఇల్లు మాది. ఒక్క క్షణం మా అమ్మ ముఖం కళ్ళ ముందు మెదిలింది. "పెట్టు అవ్వా, ఆకలిగా ఉండాది" అన్నాను. అవ్వ ఆకులో సంకటి ముద్ద పెట్టి, గుంట చేసి నెయ్యి పోసింది. ఊరిబిండి కారానికి నా కళ్ళలో నీళ్ళు వస్తుంటే సుగుణ మొదటిసారి నవ్వింది.

అవ్వ నా ఎదురుగా కూర్చుని, "పాపా, ఒకటి అడగతా, తప్పనుకోవద్దు. మీ ఇండ్లల్లో తద్దినానికి మిరపకాయ ఏయరంట, మిరియాలే ఏస్తారంట. ఏమిటికి?" అంది.

"అది ఆచారం అవ్వా, పెద్దల కాలం నుంచి..." అంటూ మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తద్దినం రోజు మా అమ్మ వంట ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. మిరియాలు ఉంటాయి, మిరపకాయ ఉండదు. చేమదుంప ఉంటుంది, ఉర్లగడ్డ ఉండదు. తక్కాళి గడప తొక్కదు. నువ్వులు ఉంటాయి, శెనక్కాయ ఉండదు. చిన్నప్పటి నుంచి ఏటా ఆ భోజనం తింటున్నాను. ఓడల్లో వచ్చాయని క్లాసులో నేను చెప్పిన పేర్లూ, ఆ వంటలో కనిపించని పేర్లూ ఒకటేనని ఆ గట్టు మీద తప్ప ఎక్కడా తట్టలేదు.

ఆ మాటే సంబరంగా పైకి చెప్పాను. "మునెప్పన్నా, పోయిన పెద్దలకు వాళ్ళు ఎరిగిన తిండే పెడతాం. మిరపకాయ వాళ్ళు ఎరగరు. అందుకే పెట్టకుండా ఉన్నామేమో. ఇది పుస్తకంలో లేదు. మా వంటింట్లో ఉండాది, నేనే సూడలేదు."

మునెప్ప పక్కనున్న శెనక్కాయ చెట్టొకటి తీసి, తిప్పి తిప్పి చూశాడు. "అట్లయితే ఇంకొకటి చెప్పండి. ఇది పూసేది పైన, కాసేది మట్టి కింద. తెలీనోడు చెట్టు సూసి, పూత రాలిపోయింది, కాయ లేదని పీకి పారేస్తాడు. మన సీమలో మొదట ఏసినోడికి కింద తవ్వి సూడమని ఎవురు చెప్పినారు?"

"నాకు తెలీదన్నా" అన్నాను.

"పుస్తకంలో లేదా?"

"లేదు. ఎవరికైనా తెలుసో లేదో కూడా తెలీదు."

ఆయన కూతురి వైపు తిరిగి, "సూసినావా, మీ టీచరుకు కూడా తెలీనిది ఉండాది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, నాకైతే అది మెచ్చుకోలులా వినిపించింది. ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలే ప్రశ్నలు. ఓడ ఎన్ని నెలలు వచ్చింది, దారిలో విత్తనం బూజు పట్టలేదా, తెచ్చినోడు అమ్మినాడా ఊరికే ఇచ్చినాడా, మిరపకాయ రాకముందు కూలోళ్ళు సంకటిలోకి ఏం నంజుకున్నారు. కూలీల్లో ఒకామె, "మన రాగులైనా మనవేనా, అదీ ఓడలోనే వచ్చిందా?" అని అడిగింది. రాగులు మనవే అని ధైర్యంగా చెప్పాను. బయలుదేరేటప్పుడు మునెప్ప, "ఇంకో నాలుగు దినాలు పెరకాల్సింది ఉండాది. వచ్చే ఆదివారం పాపను నేనే తోలుకొస్తా" అన్నాడు. అన్నట్టే తెచ్చి దించాడు. ఎదురు మాట్లాడకూడదని పిల్లకు ఏమైనా చెప్పాడేమోనని అడిగాను. "అడగమనే చెప్పినా. నలుగురి ముందర కాకుండా ఇంట్లో అడగమన్నా" అన్నాడు.

నేను తిరుగు ప్రయాణంలో నాలుగు గంటల బస్సు పలమనేరులో ఎక్కి, ఎనిమిదికి తిరుపతి చేరాను. అమ్మకు ఎక్కడ తిన్నానో, అవ్వ ఏమడిగిందో చెప్పేశాను. ఆమె రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు, "తద్దినంలో చింతపండు వాడతామే, అదెక్కడిది?" అని అడిగింది. ప్రశ్న అంటుకుందన్నమాట.

మరుసటి ఏడు లైబ్రరీలో చదువుతుంటే, రాగులు ఎన్నో వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చాయని కనిపించింది. నేను ధైర్యంగా చెప్పింది తప్పని మునెప్పకు కార్డు రాశాను. వేసవి సెలవుల్లో సుగుణ చేతిరాతతో జవాబు వచ్చింది. "టీచరమ్మకు నమస్కారం. శెనక్కాయ అమెరికాది, రాగులు ఆఫ్రికావి. అన్నీ యాడినుంచో వచ్చినవే అయితే, మనం యాడినుంచి వచ్చినాం? నాయన అడగమన్నాడు."

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పాను. రాజుల పేర్లూ యుద్ధాల సంవత్సరాలూ అప్పజెప్పిన పిల్లలు చాలామంది గుర్తు లేరు. కూలి ఇచ్చారా అని అడిగిన కండక్టరు, ఏమిటికి అని అడిగిన అవ్వ, కింద తవ్వమని ఎవరు చెప్పారని అడిగిన మునెప్ప మాత్రం గుర్తున్నారు. చరిత్ర దూరదేశాల్లో జరిగిందని నేర్పుతూ వచ్చిన నాకు, అది మన నోటిదాకా వచ్చి ఆగిందని నేర్పింది వాళ్ళే. మునెప్ప ఆఖరి ప్రశ్నకు నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను. చివర్లో, పూర్తిగా తెలీదు అని కూడా రాశాను.

ఇప్పుడు తిరుపతి నుంచి పలమనేరుకు రెండున్నర, మూడు గంటల్లో వెళ్ళిపోవచ్చు. వెళ్ళదలచుకుంటే శెనక్కాయ పెరికే అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళండి. చేన్ల దగ్గర ఆగితే ఎవరో ఒకరు దోసెడు పచ్చికాయలు చేతిలో పోస్తారు. ఒక్క సలహా: వాటిని పచ్చిగా నాలుగు గింజలకు మించి తినకండి, ఘాట్ దిగేటప్పుడు కడుపులో తిప్పుతుంది. ఉప్పేసి ఉడకబెట్టి ఇమ్మని అడగండి, అవి ఉడికే అరగంటా వాళ్ళతో మాట్లాడుతూ కూర్చోండి.