సగానికి మరిగిన నీళ్లు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు. ఆ సామెత చెప్పినవాడు మా ఊరి బోరు నీళ్లు తాగి ఉండడు. దర్శి అవతల మెట్ట మీద ఊరు మాది. ఫ్లోరైడుతో పిల్లల పళ్లు గారపట్టడం మాకు వింత కాదు. నీళ్ల ప్లాంటు ఒకటి పెట్టారు గానీ, మిషను పాడైన నాడు వేసిన తాళం మళ్లీ తీసినవాడు లేడు.

ఏటా మిరపకోతలకు అమ్మా నాన్నా నేనూ సత్తెనపల్లి వైపు వెళ్లేవాళ్లం. ఒకసారి అక్కడి నీళ్లు పడక నాన్న వాంతులు, విరేచనాలై చావు దాకా వెళ్లొచ్చాడు. అప్పటి నుంచి దుప్పట్లు మూట కట్టకముందే అమ్మ ఆయన కోసం మా బోరు నీళ్లు కాచేది. ఒక్క పొంగు వస్తే చాలని నేను చెబితే వినేది కాదు. కషాయం సగానికి దిగితేనే గుణమిస్తుంది, నీళ్లకైనా అంతే అనేది. అలా సగానికి మరిగించి, పాత చీర ముక్కతో వడగట్టి, క్యాన్లలో పోసేది. అయిపోతే ఊరి నుంచి వచ్చే కూలీల ఆటోలో మళ్లీ బోరు నీళ్లు తెప్పించి కాచేది. అవి నాన్నకే. మేమిద్దరం కాలవ నీళ్లు ఒక్క పొంగు రానిచ్చి తాగేవాళ్లం. ఆయన ఒంటికి పడ్డాయని, ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఆయనకు ఆ మరిగినవే పోసేది.

ఏళ్లు గడిచేకొద్దీ నాన్నకు ముందు నడుము బిగిసింది, తర్వాత మెడ. మొన్న కోతల్లో మిరపచెట్టు దగ్గర వంగలేక నిలబడిపోతే గుంటూరు తీసుకెళ్లాం. ఏం నీళ్లు తాగుతాడని డాక్టరమ్మ అడిగింది. అమ్మ గర్వంగానే అంతా చెప్పింది.

"కాస్తే క్రిములు చస్తాయమ్మా, ఫ్లోరైడు పోదు. నీళ్లు సగమైతే అది చిక్కబడుతుంది," అంది డాక్టరమ్మ. బిగిసిన ఎముకలు ఇక వదులు కావని కూడా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు.

తిరుగు బస్సు ఎక్కాం. చిలకలూరిపేటలో నాన్న దాహమన్నాడు. అమ్మ సంచిలోంచి ఆ మరిగిన నీళ్ల బాటిలు తీసి, మూత విప్పి, నీళ్లన్నీ కిటికీలోంచి పారబోసింది. నేను దిగి నీళ్ల ప్యాకెట్లు కొనుక్కొచ్చాను. నాన్న ఒకటి తాగాడు.

"ఇయ్యాళ ఇయి తాగుతా. రేపటి నుంచి ఇంటికాడ ఆ బోరు నీళ్లే గదా," అన్నాడు.

"ఇన్నేళ్లూ మంచియ్యనే పోశానయ్యా," అంది అమ్మ.

ఇంటికి చేరాక నాన్న మళ్లీ మంచినీళ్లు అడిగాడు. అమ్మ బోరు నీళ్ల బిందె దాకా వెళ్లి, చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆయన రెండోసారి అడిగాడు. ఆమె చేతిలోని చెంబు తీసుకుని, నేనే ముంచి ఇచ్చాను.