ఏలూరు ప్రసూతి వార్డు దగ్గర నాలుగు గంటల కాపలా

ఉదయం తొమ్మిదీ పదికి నేనూ మా ఆవిడా మా అమ్మాయిని కాన్పుకి ఏలూరు ఆసుపత్రికి చేర్చాం. ముసురు. మండవల్లి నుంచి కారులో గంటకు పైనే పట్టింది. కిట్టు: ఫ్లాస్కు, రెండు తువాళ్లు, అమ్మాయి ఫైలు. నా చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం. నొప్పులు మూడు వారాల ముందే వచ్చేశాయి.

మంచుకొండ మీద ఎలుగుబంటి నాకు సెల్యూట్ కొట్టిందని మా ఊళ్లో చెబుతుంటాను. అది నమ్మకపోయినా ఫర్వాలేదు, ఇది నమ్మండి. పద్దెనిమిదేళ్ల ఆర్మీ సర్వీసులో ఒక్క శత్రువునీ చంపలేదు. పగ తీర్చుకున్నది ఏలూరులోనే.

రెండేళ్ల కిందట తొలి కాన్పుకి అమ్మాయిని తాడేపల్లిగూడెంలో తన అత్తారింటి నుంచి తీసుకురావడానికి వెళ్లాను. దారిలో ల్యాబు దగ్గర ఆగితే అమ్మాయి పరీక్ష రిపోర్టు నా చేతికిచ్చారు. జననమార్గంలో బాక్టీరియా ఉందని రాసి ఉంది. వియ్యపురాలు చూస్తే పిల్లకి రోగమంటుందని ఆ పేజీ లాగి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. బాబు పుట్టాడు. ప్రతి ఊపిరికీ మూలిగాడు. రెండో రోజు పోయాడు.

తర్వాత మా పాత యూనిట్ డాక్టరుకి ఫోను చేశాను.

"చాలామంది ఆడవాళ్లలో ఉంటుందయ్యా అది. తల్లికి తెలియను కూడా తెలియదు. పుట్టేటప్పుడు ఏ ఒక్క బిడ్డకో అంటుకుంటుంది. నొప్పుల్లో పెన్సిలిన్ ఎక్కించాల్సింది," అన్నారు.

పుట్టడానికి నాలుగు గంటల ముందే ఎక్కితే మంచిదట. ఆ రోజు నుంచి ఆ బాక్టీరియా మీద నాకు పగ. అయినా నోరు విప్పలేదు. ఈసారి పరీక్షలో అదే బయటపడుతుందిలే అనుకున్నాను. పరీక్షకి ముందే నొప్పులు వచ్చాయి.

డ్యూటీ సిస్టర్ రిపోర్టు అడిగింది. ఇంకా చేయించలేదంది అమ్మాయి. నేను జేబులోంచి ఆ పాత పేజీ తీసి విప్పాను. సిస్టర్ రెండేళ్ల నాటి తేదీతో సహా చదివింది.

"పోయినసారి ఇది ఎక్కడుందండీ, బాబాయ్ గారూ?"

"నా జేబులోనే ఉందమ్మా."

మా ఆవిడ గోడ పట్టుకుంది. అమ్మాయి సిస్టర్ వైపు తిరిగింది.

"ముందు మందెక్కించండి సిస్టర్. ఈయనతో తర్వాత మాట్లాడతాను," అంది.

తొమ్మిదీ నలభైకి పెన్సిలిన్ కలిపిన సెలైను పెట్టారు. తలుపు సందులోంచి చుక్కలు చూస్తూ నిలబడ్డాను. ఒక్కో చుక్కకీ చావండి, చావండి అనుకున్నాను. ఆ చావాల్సినవాళ్లలో నన్నూ కలుపుకున్నాను. ఒంటిగంటా నలభైకి రెండో డోసు. రెండూ ఇరవైకి ఆడపిల్ల. ఏడుపు వరండా దాకా వినిపించింది. చెవి పెట్టి విన్నాను. మూలుగు లేదు.

ఐదో రోజు కొల్లేటి మీదుగా ఇంటికొచ్చాం. ఎండ కాసింది.

పాపకిప్పుడు ఏడో నెల. అమ్మాయి ఆ మాట ఇంతవరకూ ఎత్తలేదు. పాపను నా చేతికిచ్చే ముందు మాత్రం, ప్రతిసారీ, నా చొక్కా జేబులో రెండు వేళ్లు పెట్టి చూస్తుంది. ఖాళీగా ఉంటేనే ఇస్తుంది.