వైరు పీకే ముందు

ఆ రోజుల్లో అంటే ఏ చిన్నతనమో అనుకునేరు, నాకప్పుడు అరవై రెండు. ఇప్పటి మోకాళ్లతో చూస్తే అది పడుచుతనమే (నవ్వకుండ్రి). పని అయిన గదిలో లైటు వెలిగితే ఊరుకునేదాన్ని కాదు. స్విచ్చుల కాడ నా అంత కఠినురాలు దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో లేదని మనవరాలు అనేది. ఎల్బీనగర్‌లో పాత కంప్యూటర్ అమ్మే అతను దాన్ని నడిపే లినక్స్ ఉత్తగనే వేసిస్తనంటే, అదే కొనిపిచ్చిన.

మా ఆయన చర్చిలో పాడిన పాటలన్నీ మనవరాలు ఒక హార్డ్ డిస్కులో ఎక్కించింది. ఆయన పోయినంక ఆ గొంతు ఆ నల్ల డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు. ఏడాది ప్రార్థన ఆదివారం, ముందుగాల ఆయన పాటే వినిపిద్దామని పాస్టరుగారు అన్నరు. శనివారం పొద్దున డబ్బా తగిలిస్తే, కంప్యూటర్ తెరవనంటది.

"మౌంట్ అయితలేదు అమ్మమ్మా."

"అంటే ఏందే?"

"డబ్బా కనవడ్తుంది గని లోపలికి పోనిస్తలేదు. ఖాళీ ఫోల్డర్ ఒకటి చూపిచ్చి, గిక్కడ కూసో అని చెప్పాలె."

"చెప్పు మరి!"

చెప్పింది. అది మళ్లీ కాదన్నది. భయమైతే నాకు కోపమొస్తది (మా ఆయనకు బాగ తెలుసు). "నువ్వే పాడుజేసినవ్! ఫోను నొక్కినట్టు నొక్కుతవ్" అని అరిచిన. పిల్ల తెర మీది అక్షరాలు చదవబట్టింది. మూడో తరగతితో బడి మానినదాన్ని, నేను దాని మొఖం చదువుకుంట నిలబడ్డ.

"కిందటిసారి సరిగ మూయకుండ వైరు పీకిండ్రంట. నేనైతే నెల సంది ముట్టలే. ఎవరు పీకిండ్రు అమ్మమ్మా?"

పిల్ల కాలేజీకి పోయినంక రోజూ మధ్యాహ్నం ఒక్క పాట వినేదాన్ని (ఎక్కడ నొక్కాల్నో దాని ఎనక నిలబడి నేర్చుకున్న). పాట అయిందో లేదో, కరెంటు దండగని వైరు పీకేదాన్ని.

"సరిచేస్త, గని కొన్ని పాటలు పోతే పోవచ్చు. చెయ్యనా?"

"ప్రభువా" అని కండ్లు మూసుకున్న. "చెయ్."

ఎంత సేపో తెల్వదు. ముందుగాల ఒక దగ్గు వినవడ్డది. పాట ఎత్తుకునే ముందు ఆయనకు దగ్గే అలవాటు, ఉన్నన్ని రోజులు ఆ దగ్గుకే తిట్టిన.

ఇప్పుడు పాట అయినంక తెర మీద డబ్బా మూసే బొత్తాం నొక్కి, డబ్బా లైటు ఆరేదాకా కూసుంట. "కరెంటు కాలుతుంది అమ్మమ్మా!" అని మనవరాలు ఎగతాళి చేస్తది.

కాలనియ్యి అంట.