కోడిపిల్లల బల్బు

వారానికి మూడుసార్లు ఉప్పల్‌లోని డయాలసిస్ సెంటరుకు వెళ్తాను. సూదులు గుచ్చడానికి నా ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. అది రెండుసార్లు సన్నబడితే రెండుసార్లూ బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. చేసిన చోటే మళ్లీ పూడుకుపోతుందట. ఇంకోసారి ఆ బాధ పడే ఓపిక లేదని చెబితే, డాక్టరమ్మ కొత్తగా తెప్పించిన దీపం సంగతి ఎత్తింది. కంటికి కనబడని పరారుణ కాంతి. డయాలసిస్ నడుస్తుండగా కాసేపు చేతి మీద పడితే నాళం తొందరగా మూసుకుపోకుండా ఉండొచ్చంది.

సరేనన్నాను, కానీ నాకది ఇంకో పని, అంతే. ఏసీ చలికి వెచ్చగా ఉండి నిద్ర పట్టేది.

నమ్మకమంతా మా ఆయనదే. నాచారంలో లేత్ మెషిన్ మీద పని. సెంటరుకు వెళ్లని రోజుల్లో కూడా కాంతి పడితే ఇంకా మంచిదని ఆయన ఆలోచన. ఒక ఆదివారం, కోళ్లఫారం నడిపే మేనమామ దగ్గర నుంచి కోడిపిల్లలకు వేడినిచ్చే ఎర్రబల్బు పట్టుకొచ్చాడు, దీంట్లోనూ అదే కాంతి ఉంటుందంటూ. నా చెయ్యి పెట్టనన్నాను.

"నిన్నెవరు పెట్టమన్నరు? ముందుగాల నేను జూస్త" అన్నాడు.

బల్బు బిగించి, దాని కింద తన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వారమంతా ఓవర్‌టైం చేసిన మనిషి, కునుకు పట్టింది. మంటకు ఉలిక్కిపడి లేచిన అలికిడికి నేను వెళ్లి చూస్తే, ముంజెయ్యి కందిపోయి బొబ్బలు లేచి ఉన్నాయి.

కోపం రావాల్సింది, రాలేదు. బకెట్‌లో నీళ్లు పట్టి ఆ చేతిని ముంచి పట్టుకుని పక్కనే కూలబడ్డాను. చెయ్యి నీళ్లలో అలాగే ఉంచి అడిగాడు.

"ఒక్కటి జెప్పు. నీకు బతకాలని ఉన్నదా, నేనొక్కన్నే ఉరుకుతున్ననా?"

"ఉన్నది. గని అల్సిపోయిన."

"నేను గూడ" అన్నాడు.

పెళ్లయ్యాక అలిసిపోయానని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. ఎందుకో నాకు కొంచెం తేలికైంది.

తర్వాతి డయాలసిస్‌కు ఇద్దరం వెళ్తే, డాక్టరమ్మ ఆయన చేతి కట్టు చూసి ఆరా తీసింది. తిట్టలేదు. ఈ దీపం వేరు, ఆ బల్బు వేరని, దీన్ని కూడా దూరం చూసుకునే పెడతామని చెప్పి, బల్బు వాపసు ఇచ్చెయ్యమంది. ఇచ్చేశాడు.

సెంటరులో దీపం మానలేదు. నాళం ఈసారి మునుపటికంటే ఎక్కువ కాలమే పూడుకుపోకుండా ఉంది. దీపం వల్లేనా అని అడిగితే డాక్టరమ్మ గట్టిగా చెప్పలేనంది. మొన్న వానాకాలంలో అది మళ్లీ సన్నబడింది, మళ్లీ బెలూన్ పెట్టారు. సెలవు పెట్టొద్దని నేనే ఆయనకు చెప్పి, చెల్లెలిని తోడు తీసుకెళ్లాను. సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తిన్నావా అంటే లేదన్నాడు. వచ్చే వారం నుంచి మళ్లీ దీపం పెడతారని చెప్పాను.

"పెట్టనీ" అని, చెప్పులు విడిచి కాళ్లు చాపుకున్నాడు.